బరువు లేని పట్టా

మొన్నామధ్య ఊరి ఉత్సవం పెడతామంటూ నలుగురు మా ఇంటికి వచ్చారు. బయటి ఊళ్ళ నుంచి జనం వచ్చి చూసేలా చేస్తారట, అంతా స్థానికుల చేతే చేయిస్తారట, పాత విషయాలు తెలిసినదాన్ని కాబట్టి నేనేమైనా సలహా చెప్పాలట. కాఫీ ఇచ్చి పంపించేశాను. సలహా మాత్రం ఇవ్వలేదు. ఇవ్వడానికి నోరు తెరిస్తే ఏం వచ్చేదో నాకే తెలీదు. "స్థానికుల భాగస్వామ్యం" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాటని నేను ఒకప్పుడు టైపు మిషన్ మీద కొన్ని వందల సార్లు కొట్టాను. ఆ పాపం ఈ వేళ్ళదే.

మా అయ్య నిమ్‌పురా యార్డులో గ్యాంగ్‌మన్. శ్రీకాకుళం వైపు నుంచి మీసం రాకముందే ఖరగ్‌పూర్ వచ్చి, పట్టాల పనిలో చేరి, అందులోనే నడుం వంగిపోయినవాడు. రైలు పట్టా మార్చాలంటే పన్నెండు మంది దాన్ని పెద్ద పెద్ద పట్టకార్లతో పట్టుకుని ఒక్కసారిగా ఎత్తాలి. ఒకడు ముందు ఎత్తినా, ఒకడు వెనకపడినా ఆ ఇనుము ఒరిగిపోతుంది. ఒరిగిన వైపు ఎవడి పాదం ఉంటే వాడి పాదం నుజ్జయిపోతుంది. అందుకే ఒకడు కొసన నిలబడి పాట అందుకుంటాడు, ఎత్తేవాళ్ళు "హైలెస్సా" అని ఆ ఊపు మీద ఎత్తుతారు. ఆ పాటని మావాళ్ళు పాడడం అనరు, పిలవడం అంటారు. మా గ్యాంగులో పిలిచేవాడు మా అయ్య.

"ఇనస్పెక్టరు బాబు" అనేవాడు అయ్య. "హైలెస్సా" అనేవాళ్ళు పన్నెండు మంది.

"గొడుగెట్టుకోని."

"హైలెస్సా."

"ట్రాలీ మీద కూకుంటే."

"హైలెస్సా."

"బొజ్జ బరువు మాది!"

"హైలెస్సా!"

ఇది నేను రాయగలిగిన పాట. రాయలేనివి ఇంకా చాలా ఉన్నాయి. ఆ ఇనస్పెక్టరు పక్కనే నిలబడి అవన్నీ వినేవాడు, విననట్టు సిగ్నల్ స్తంభం వైపు చూసేవాడు. పట్టా చేతుల్లో ఉన్నంతసేపు ఎవర్ని ఏమన్నా తప్పులేదు, పట్టా కింద పెట్టాక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. అది వాళ్ళ కట్టు. పిలుపు వినకముందు పట్టాని ముట్టుకోకూడదన్నది ఇంకో కట్టు. మొదటి మాటకి పట్టకారు వెయ్యాలి, రెండో మాటకి ఎత్తాలి.

మా అయ్యకి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఒక్క విషయంలో తప్ప. "నాను పిలస్తే ఒకడి కాలిగోరు కూడా ఊడినేదు" అనేవాడు. పండగనాడు అన్నం తింటూ అనేవాడు, జ్వరంలో పడుకుని అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి. మాకు తెలుగు స్కూలు ఫీజు మాఫీ అయినప్పుడు కూడా ఆ మొహం అలా వెలగలేదు.

నేను న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఆ తెలుగు స్కూల్లోనే చదువుకుని, టైపు నేర్చుకుని, ఒక ఆఫీసులో చేరాను. గ్యాంగ్‌మన్ కూతురు కుర్చీలో కూర్చుంది. అరవైల చివరి మాట ఇది. ఆ ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. తెలుగాయనే, బాగా చదువుకున్నవారు, కుటుంబం అంతా ఆఫీసుల్లోనూ స్కూళ్ళలోనూ పనిచేసేవాళ్ళు. ఊళ్ళో ఏ సభ జరిగినా ఆయనే కార్యదర్శి. అందుకని ఇక్కడ కూడా కార్యదర్శి గారనే అంటాను.

"కలకత్తా నుంచి జనం వస్తారమ్మాయ్, ప్లాట్‌ఫారం ఎంత పొడుగో చూస్తారు, టీ తాగుతారు, వచ్చిన బండికే వెళ్ళిపోతారు. వాళ్ళని ఒక రెండు రోజులు ఇక్కడ నిలబెట్టాలి. మన ఊరి మనుషులే మన ఊరిని చూపించాలి" అన్నారు ఆయన ఒకరోజు. చలికాలంలో ఉత్సవం. బెంగాలీ ఆడవాళ్ళ పాటలు, ఒరియావాళ్ళ డప్పులు, పంజాబీవాళ్ళ నాట్యం, వర్క్‌షాపు కార్మికుల నాటకం. "మన తెలుగువాళ్ళ తరఫున ఏం పెడదాం? ఏదైనా కొత్తగా ఉండాలి" అని నన్నే అడిగారు.

నా అంతట నేనే చెప్పాను. ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. "మా అయ్య పట్టాల పాట పిలుస్తాడండీ" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, బల్ల మీద చరిచి, "ఇదీ అసలైన స్థానికత అంటే!" అన్నారు. ఆహ్వానపత్రంలో నా పేరు వేస్తామన్నారు, స్థానిక మహిళా ప్రతినిధి అని. నేను అప్పటికప్పుడే నేల మీద లేను.

అయ్య మాత్రం వినగానే తల అడ్డంగా ఊపాడు.

"నానొల్లను. అది పనిలో మాటే అమ్మీ. ఆటలో మాట కాదు."

"అందరూ వింటారయ్యా. పెద్ద పెద్దవాళ్ళు వస్తారు."

"ఆళ్ళు ఇంటే నాకేటి? ఆళ్ళు వచ్చి పట్టా ఎత్తుతారేటి?"

పది రోజులు వెంటపడ్డాను. అలిగాను, అన్నం మానేశాను, "నీ కూతురి పరువు తీస్తావా" అని ఏడ్చాను. చివరికి మెత్తబడ్డాడు. "సరే, వస్తాను. కానైతే ఇనుము ఉండాల. నిజిం పట్టా ఉండాల. ఇనుము నేకపోతే నా గొంతు లెగదు" అన్నాడు. అదొక్కటే ఆయన అడిగింది. శాలువా అడగలేదు, దండ అడగలేదు.

తరవాత పాట మీద పడ్డాం. కార్యదర్శి గారు ఎర్ర పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు, నేను పక్కన. ఇనస్పెక్టరు బాబు పోయాడు, ట్రాలీ పోయింది, బొజ్జ పోయింది. "బయటివాళ్ళ ముందు మన తెలుగువాళ్ళ ప్రతిష్ఠ చూసుకోవాలి కదమ్మాయ్" అన్నారు. వాటి స్థానంలో "ఐకమత్యముతో", "అభివృద్ధి పథమున", "నవభారతమును" అని వచ్చాయి. ఆ ముక్కలు నేనే రాశాను. అయ్య ఆ కాగితాన్ని నా చేత నాలుగుసార్లు చదివించుకుని, "ఈ అబివుద్దికి నడుం ఒంగదే అమ్మీ" అన్నాడు. అయినా వంచాడు. "అబివుద్దోయ్" అని సాగదీసి, దానికో ఊపు తెచ్చి, యార్డులో గ్యాంగు చేత నిజం పట్టా మీద నాలుగు రోజులు అభ్యాసం చేయించాడు. ఆ మాటలకి అర్థం లేదు గానీ, ఆ గొంతు ఎక్కడం మొదలుపెడితే నా వెన్నులో జలదరింపు వచ్చేది.

ఆఖరి రోజు అభ్యాసానికి హిజ్లీ కాలేజీ నుంచి ఒక మేస్టారు టేప్‌రికార్డరు పట్టుకుని వచ్చాడు. మంచివాడే. దూరంగా కూర్చుని పాటంతా ఎక్కించుకున్నాడు. గ్యాంగువాళ్ళు "మా గొంతులు మాకోపాలి ఇనిపించండి బాబూ" అని అడిగారు. ఇంతలో వాన తుంపర మొదలైంది. మిషన్ తడిసిపోతుందని మూత వేసుకుని, ఇంకోసారి వచ్చి వినిపిస్తానని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. టేపు కాపీ మాత్రం ఉత్సవ కమిటీకి ఇచ్చాడట.

ఉత్సవానికి రెండు రోజుల ముందు కార్యదర్శి గారు నన్ను ఉత్సవం జరిగే హాలు వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ పట్టా ఉంది. తుప్పు రంగు, అంచు దగ్గర చక్రాలు రాసుకుని నిగనిగలాడే గీత, బోల్టు కన్నాలు, అన్నీ ఉన్నాయి. "ఎత్తి చూడు" అన్నారు నవ్వుతూ. నేను రెండు చేతులతో ఎత్తబోయాను. రెండో చెయ్యి వెయ్యకముందే ఆ కొస పైకి లేచింది. చెక్క! లోపల డొల్ల!

"స్టేజి పలకలు అంత ఇనుము మొయ్యవమ్మాయ్. కూలితే ఎవరు పూచీ? మన వడ్రంగులు ఎంత బాగా చేశారో చూడు."

"మరి అయ్యకి చెప్పాలి కదండీ."

"చెప్పకు. చెప్పావంటే రానంటాడు, కార్యక్రమం పాడవుతుంది. ఎక్కాక చూసుకుని సర్దుకుంటాడులే."

అంతవరకు "మీ నాన్నగారు" అనే మనిషి ఆ రోజు "రానంటాడు" అన్నారు. నా చెవి ఆ తేడా పట్టుకుంది. పట్టుకుని ఏం చేసింది, నా మొహం! ఆహ్వానపత్రాలు ఆ సాయంత్రమే ప్రెస్సు నుంచి వచ్చాయి. నా పేరు ఉంది. వాసన చూసుకుంటూ ఇంటికి నడిచాను.

గుమ్మంలోనే అడిగాడు అయ్య. "ఇనుము తెచ్చినారేటి?"

"తెచ్చారయ్యా" అన్నాను.

ఒక్క క్షణం కూడా తడబడలేదు నేను. అదే ఇప్పటికీ నన్ను కాల్చుకు తినేది.

ఉత్సవం రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ముందు వరసలో కలకత్తా అతిథులు, కొందరు విదేశీయులు, ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు. నాకూ ముందు వరసలోనే కుర్చీ వేశారు, చీరకి కాగితం పువ్వు గుచ్చారు. తెర తీశారు. పన్నెండు మందీ ఉతికిన ఖాకీ నిక్కర్లతో, నెత్తికి కొత్త తువ్వాళ్ళు చుట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. కొసన అయ్య. పట్టాని చూసి తృప్తిగా తల ఊపాడు. ఎవడూ దాన్ని ముట్టుకోలేదు. పిలవకముందు ముట్టుకోరు కదా.

"ఐకమత్యముతో!" అన్నాడు అయ్య. హాలు అదిరింది. పట్టకార్లు పడ్డాయి.

"అబివుద్దోయ్!"

ఎత్తారు.

పన్నెండు నడుములు, రెప్పపాటు తేడా లేకుండా, అంత ఇనుముకి సరిపడే బలంతో ఎత్తాయి. వాళ్ళు పనిమంతులు కాకపోయినా బాగుండేది. ఒకడు ముందు, ఒకడు వెనక ఎత్తి ఉంటే ఆ చెక్క ఏదో కాస్త ఊగి ఊరుకునేది. పనిమంతులు కాబట్టి అది నెత్తుల మీదుగా గాల్లోకి లేచిపోయింది. నలుగురు వెల్లకిలా పడ్డారు. మా పక్క క్వార్టర్లో ఉండే మావ, మా అయ్యకి బావమరిదిలాంటివాడు, పట్టకారు పట్టుకుని కూలబడి, కూర్చున్నచోటే బిత్తరచూపులు చూశాడు. చెక్క వచ్చి తెరకి తగిలి, డబడబమంటూ స్టేజి మీద దొర్లింది.

నవ్వారు. ఓయమ్మో, ఎంత నవ్వారో! కుర్చీల చేతులు కొట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. విదేశీయుడొకడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అది కావాలని చేసిన హాస్యం అనుకున్నారు. మా అయ్య మూడో మాటకి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆయన జనాన్ని చూడలేదు, చెక్కని చూడలేదు. ముందు వరసలో కాగితం పువ్వు పెట్టుకున్న నన్ను చూశాడు.

తరవాత నడిచి వెళ్ళి, ఆ పట్టాని మధ్యలో ఒక్క చేత్తో పట్టుకుని ఎత్తి, గోడకి ఆనించి పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క చేత్తో ఎత్తడం చూసి మళ్ళీ నవ్వారు.

"అద్భుతం! రేపు కూడా అచ్చం ఇలాగే పడమను" అన్నారు కార్యదర్శి గారు నా భుజం తట్టి.

ఇంటికి వెళ్ళేసరికి అయ్య అన్నం తింటున్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి, రెండు తగిలించి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్నేమో. అమ్మ మాత్రం నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఒలే, అది సెక్కని నీకు ముందే తెల్సా?"

తల ఊపాను.

"పదిమందిలో అయ్యకి బట్టలిప్పీసినావే" అంది అమ్మ. ఆ తరవాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు ఆదివారం గ్యాంగులో ఎవరూ హాలు వైపు వెళ్ళలేదు. సోమవారం పనిలో ఏం జరిగిందో మావ చెప్పాడు. పిలవడానికి నిలబడ్డ అయ్య, నోరు తెరవబోయి, ఆగి, వంగి, పట్టాని వేలి కణుపుతో టకటకా కొట్టి చూశాడట. ఇనుమేనా అని. గ్యాంగులో ఎవరూ నవ్వలేదట. ఆ రోజంతా అంతే, ప్రతి పట్టాకీ అంతే. యార్డులో ఇనుము కాక ఏముంటుంది? ఆయనకీ తెలుసు. అయినా చెయ్యి ఆగేది కాదు. ఇంట్లో కూడా మంచం పట్టెని కొట్టి చూసేవాడు, బిందెని ఎత్తేముందు కొట్టి చూసేవాడు.

"ఎత్తీముందు బరువుని నమ్మాల గుంటా" అని మావ నాతో అన్నాడు. "మీ అయ్య నమ్మలేకపోతన్నాడు. గొంతులో అనుమానముంది. మాకది నడుముల్లోకొచ్చేస్తంది."

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున్న, అయ్య పిలుస్తూ పిలుస్తూ రెండో మాట దగ్గర గుటక వేసేంతసేపు ఆగాడట. సగం మంది ఎత్తారు, సగం మంది ఆగారు. పట్టా ఒరిగింది. మావ కుడికాలు రెండు వేళ్ళు పోయాయి. ఆస్పత్రిలో అయ్య ఆ కట్టు కట్టిన కాలు పక్కన నేల మీద కూర్చున్నాడు. మావ "ఒగ్గీ బావా, ఏళ్ళే కదా, కాలు పోనేదు కదా" అన్నాడు. "కాలిగోరు కూడా ఊడినేదు" అన్న మాట మళ్ళీ ఆయన నోట మేం వినలేదు. అర్జీ నన్నే టైపు చేయమన్నాడు. గ్యాంగు పని వద్దు, లెవెల్ క్రాసింగు గేటు దగ్గర వెయ్యమని. వేశారు. పగలంతా గేటు వేసి తీసే పని. అక్కడ ఎవర్నీ పిలవక్కర్లేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ ఉత్సవం. ఈసారి ఆరుబయట మైదానంలో, మా క్వార్టర్లకి దగ్గరలోనే. కార్యదర్శి గారు నన్ను పిలిచి, కలకత్తా నుంచి నాటకాలవాళ్ళని తెప్పిస్తున్నామనీ, పట్టా ఎత్తే అభినయం వాళ్ళే చేస్తారనీ, పడిపోయే ఘట్టం కూడా ఉంటుందనీ చెప్పారు. "పాటకి బెంగ లేదు, మన దగ్గర టేపు ఉంది. మీ నాన్నగారి గొంతే. చూశావా, స్థానికుల భాగస్వామ్యం ఎక్కడా తగ్గలేదు!" అన్నారు. కావాలంటే గ్యాంగువాళ్ళు వెనక వరసల్లో కూర్చుని హైలెస్సా అనవచ్చట. నేను లేచి వచ్చేశాను. ఉద్యోగం చేసుకునేదాన్ని, ఏం అనను?

ఆ రోజు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన అయ్య అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. మైదానంలో లౌడ్‌స్పీకరు గరగరలాడింది, ఆగింది, తరవాత ఒక గొంతు లేచింది.

"ఐకమత్యముతో!"

యార్డులో వాన తుంపరకి ముందు ఎక్కించిన గొంతు. ఇనుము ముందర నిలబడిన గొంతు, అనుమానం ఎరగని గొంతు. అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అమ్మకి మొదటి మాటకే తెలిసిపోయింది. నా వైపు చూసింది.

అయ్య గ్లాసు కింద పెట్టాడు. తల వంచి విన్నాడు. "అబివుద్దోయ్" అన్న చోట ఆయన నడుం కొంచెం వంగి, మళ్ళీ లేచింది. పాట అయిపోయాక మైదానం నిండా నవ్వులు వినిపించాయి. అక్కడెవరో పడిపోయి ఉంటారు. ఆ నవ్వులు ఆయన పట్టించుకోలేదు.

"నువ్వు రాసిన పాటే కాదేటి అమ్మీ?"

"అవునయ్యా."

"ఎవుడే ఆ పిలిచినోడు?"

మనిషికి తన గొంతు బయటి నుంచి వినిపిస్తే తనది కాదనిపిస్తుందట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఈయన నన్ను పరీక్షిస్తున్నాడేమో అనుకుని ఆ మొహంలోకి చూశాను. అందులో పరీక్ష లేదు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకునే చూపు ఉంది. అమ్మ పెదవి కొరుక్కుంటూ తల దించుకుంది.

"ఎవరో కలకత్తావాడటయ్యా" అన్నాను.

"బాగా పిలిసినాడు" అన్నాడు అయ్య. అరుగు రాతిని వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూసుకున్నాడు. "ఆడికాడ పన్జేసీవోళ్ళ కాళ్ళు బాగుంటాయి."